కొరుకుడు మాస్టారి పాచి

మీరు కొరుకుడు మాస్టారిని కలిసి తీరాలి. ఎప్పుడో వీలున్నప్పుడు కాదు, చొక్కా గుండీ ఒకటి ఊడగొట్టుకుని అయినా సరే, ఈ వారమే వెళ్ళండి. మెట్ల కింద, వాచీలు బాగుచేసే కొట్టుకీ జెరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన టైలరింగు షాపు. షాపంటే ఏముంది, ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఒక నిలువుటద్దం. కాస్త ఒళ్ళున్న మనిషి కొలతలివ్వడానికి లోపలికొస్తే మాస్టారు బయట నిలబడి చేతులు మాత్రం లోపలికి పెట్టి కొలుస్తాడు.

కత్తెరలు లేక కాదు. గోడకి వరసగా వేలాడుతుంటాయి. కానీ దారం తెంపాలంటే మాత్రం ఆయనకి పళ్ళే కావాలి. కుట్టు పూర్తవగానే గుడ్డని మొహం దగ్గరికి తెచ్చుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ముందు పన్నుతో టక్కున కొరికేస్తాడు. కొరికీ కొరికీ ఆ పన్నుకి కింద చిన్న గాడి పడింది. గుండుసూదులైతే డబ్బాలో ఉండవు, పెదాల మధ్య ఉంటాయి. అందుకే ఆయన మాటలన్నీ మూతికి ఎడం పక్క నుంచే వస్తాయి.

"అది నోరా, కుట్టుపెట్టా?" అని ఆయన భార్య రోజుకోసారైనా అడుగుతుంది. ఆయన సమాధానం చెప్పడు. సూదులుంటాయి కదా.

ఇంత పనిచేసే నోటిని ఆయన ఎలా చూసుకుంటాడయ్యా అంటే, పొద్దున్నే బ్రష్షుని పళ్ళకి ఇలా చూపించి అలా తీసేస్తాడు. దాంతో పళ్ళ మొదళ్ళలో పసుప్పచ్చగా పాచి పేరుకుపోయింది. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి, గట్టిగా ఏదైనా కొరికితే కాస్త రక్తం కూడా కనిపించేది. "దారం రంగు అంటుకుందిలే" అనేవాడు. తెల్లదారం కొరికినప్పుడు కూడా అదే మాట.

అలాంటి మనిషి జీవితంలోకి పేరుప్రతిష్ఠలు వచ్చాయి. ఎలాగో చెప్తాను.

ఆయన అక్క కూతురు పళ్ళ కాలేజీలో పనిచేస్తుంది. పళ్ళు పీకే పని కాదు, పరిశోధన. పళ్ళమీద పాచిని చిన్న చిన్న గిన్నెల్లో పెంచి, దాన్ని ఎలా విడగొట్టాలా అని చూడటం ఆమె ఉద్యోగం. ఒకరోజు డ్రెస్సు చేతులు కురచ చేయించుకోడానికి షాపుకొచ్చింది. మాస్టారు కుట్టడం ముగించి, దారం కొరకడానికి నోరు తెరిచాడు.

"మామయ్యా, కదలకు," అంది మేనకోడలు.

ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. ఆమె ఫోను లైటు వేసి లోపలికి చూసింది. చూస్తున్నకొద్దీ ఆ పిల్ల మొహం నగల షాపు కిటికీ ముందు నిలబడ్డట్టు వెలిగిపోయింది.

"ఎంత బాగుంది మామయ్యా."

"ఏది?"

"నీ పాచి."

ఇన్నేళ్ళలో ఆయన నోటిని ఎవరూ బాగుందని అనలేదు. కుట్టు బాగుందన్నారు, కాలరు బాగా కూర్చుందన్నారు. నోరు మాత్రం ఇదే మొదలు. ఆయన మొహమాటంగా చొక్కా సర్దుకున్నాడు.

"పాచంటే నువ్వనుకునే మురికి కాదు మామయ్యా," అని ఆమె బల్లమీద ఎక్కి కూర్చుని మొదలెట్టింది. "అదొక పెద్ద కాలనీ. కోట్ల క్రిములు ఒకచోట చేరి, ముందు జిగురుతో ఒక దుప్పటి తయారు చేసుకుంటాయి. అన్నీ దాని కింద దూరి పడుకుంటాయి. మందు పోశావనుకో, పైనున్నవి తడుస్తాయి, లోపలున్నవి అటు తిరిగి పడుకుంటాయి. అవి చిగురు కిందకి దిగాయంటే చిగురు వాస్తుంది, రక్తమొస్తుంది, ఆఖరికి పన్నే కదులుతుంది. నీకు ఇప్పటికే వాచింది. శుభ్రం చేయించుకోవాలి. కానీ ముందు నాకు కొంచెం ఇవ్వు."

"అడిగి తీసుకోవాలా తల్లీ, నీదనుకో," అన్నాడు మాస్టారు. ఆమె చిన్న గరిటెలాంటి పరికరంతో గీకి తీసుకుని వెళ్ళిపోయింది.

కొద్దిరోజులకి ఫోను చేసింది. "మామయ్యా, నీ పాచి చావట్లేదు."

"అంటే?"

"అందరి పాచికీ వేసిన మందే వేశాం. అందరిదీ పోయింది. నీది ఇంకొంచెం పెరిగింది."

ఆయన దాన్ని అభినందనగానే తీసుకున్నాడు. "మన వంశమే అంత. మీ తాతయ్య కూడా ఎవరి మాటా వినేవాడు కాదు," అన్నాడు.

అప్పట్నుంచి ఆ ల్యాబులో ఆ పాచికి మామయ్య అనే పేరు స్థిరపడిపోయింది. ఒక ఆదివారం మేనకోడలు ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని ల్యాబులో ఉన్న స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతోంది. "మామయ్యకి చక్కెర నీళ్ళు పోశావా? ఒళ్ళు వెచ్చగా ఉందా? చల్లబడనివ్వకు, చచ్చిపోతాడు. ఏంటి, గిన్నె అంచు దాకా పాకాడా? సరే, మూత పెట్టేయ్."

వంటింట్లోంచి మాస్టారి భార్య గరిటె పట్టుకుని పరుగున వచ్చింది. మాస్టారు పక్క గదిలో నిక్షేపంగా గురకపెడుతున్నాడు. విషయం తెలిశాక ఆవిడ గరిటె దించింది. తర్వాత అంది, "ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో వండుతున్నాను. నా చేతికి పేరు రాలేదు. ఈయన పాచికొచ్చింది."

వీధిలో కూడా తెలిసిపోయింది. తెలియకుండా ఉంచడానికి మాస్టారు ఏ ప్రయత్నమూ చేయలేదు. పక్క కొట్టు వాచీల ఆయన రోజూ పలకరింపు మార్చేశాడు. "ఏం మాస్టారూ, మీ కాలనీలో అందరూ క్షేమమా?"

"క్షేమమే. నిన్న కొత్త మందు పోశారట. స్నానం చేసినట్టుందట వాటికి."

"ఒక చుక్క నాకూ ఇవ్వండి. కొన్ని వాచీలు ఎంత బాగుచేసినా మళ్ళీ మొరాయిస్తాయి. మీవాళ్ళని చూసైనా సిగ్గు తెచ్చుకుంటాయి."

ఒకసారి మాస్టారు స్వయంగా వెళ్ళి చూసొచ్చాడు కూడా. పన్నులాంటి తెల్లటి బిళ్ళమీద పాచిని పెంచి, ఊదారంగు పోసి కడుగుతారు. పాచి ఎంత దట్టంగా ఉంటే రంగు అంత పట్టుకుంటుంది. మామిడి టెంకని పీచు పట్టుకున్నట్టనుకోండి. మామయ్య బిళ్ళ నిగనిగలాడే వంకాయలా ఉంది. పక్కన ఇంకెవరిదో బిళ్ళ వెలిసిపోయిన చీరలా ఉంది. మాస్టారు దానివైపు జాలిగా చూశాడు.

అంతా బాగానే ఉంది గానీ, మేనకోడలికి అసలు పరీక్ష ముందుంది. ఆమె ఒక జెల్లు తయారుచేసింది. "ఇది క్రిముల్ని చంపదు మామయ్యా. ఆ జిగురు దుప్పటిని కరిగిస్తుంది. దుప్పటి పోయాక మామూలు మందే చాలు."

"కుట్టు విప్పేస్తే గుడ్డ దానంతటదే ఊడొస్తుంది. అంతేనా?"

"అంతే. మా పెద్ద మేడం చూడ్డానికి వస్తారు. మామయ్య మీద జెల్లు పనిచేస్తే ముందుకెళ్ళమంటారు. లేదంటే ఈ పని మూసేసి నన్ను సిమెంట్ల గదికి పంపిస్తారు. పళ్ళలో నింపే సిమెంట్లు. ఇంక నా బతుకంతా సిమెంటు కలుపుకోవడమే." ఆమె నవ్వుతూనే చెప్పింది గానీ, చెప్పేటప్పుడు డ్రెస్సు అంచుని వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉంది. బట్టల మీద ఎక్కడ చెయ్యి పడ్డా మాస్టారి కంట్లో పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గడ్డకట్టించి దాచిన పాత పాచి వద్దు, తాజాగా తీసింది కావాలని మేడం అన్నారు. "అందుకని మామయ్యా, వచ్చేముందు రాత్రి నుంచి పళ్ళు తోమకు. నీళ్ళు పుక్కిలించకు. అది తీసుకున్నాక అదే రోజు కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం శుభ్రం చేయిస్తాను. నీ చిగుళ్ళు ఇంక ఆగలేవు."

"తోమకుండా ఉండటమేగా. నాకు అలవాటైన పనే," అన్నాడు మాస్టారు.

రాత్రి తోమలేదు. పొద్దున్న లేచి తోమలేదు. ఆయన భార్య చొక్కా ఇస్త్రీ చేసింది. ఆయన షాపులో ఉన్న కొత్త టేపు మెడలో వేసుకుందామని పైనున్న ఇంట్లోంచి దిగి వచ్చాడు. అక్కడ నిలువుటద్దం ఉంది. చొక్కా చూసుకున్నాడు, బాగుంది. కాలరు చూసుకున్నాడు, బాగుంది. నవ్వి చూసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాస్టారు ఇస్త్రీ చెయ్యకుండా ఏ బట్టనీ కొట్టు దాటించడు. కట్టుకునేవాళ్ళు పట్టించుకోకపోయినా, అడిగినవాళ్ళు తొందరపడినా, ముడత కనబడితే ఆయన చెయ్యి ఆగదు. ఇప్పుడేమో పెద్ద చదువులు చదివినవాళ్ళ ముందు నోరు తెరవాలి. అద్దంలో ఆ నోరు చూస్తే ఆయనకి కుట్లు ఊడిన కోటు కనబడింది.

పైపైన ఒక్కసారి, అనుకున్నాడు. పెద్ద పెద్ద మందులకే చావనిది కాస్త తుడిస్తే ఎక్కడికి పోతుంది. మామయ్య మీద ఆయనకి అంత నమ్మకం.

మొదట గుడ్డముక్కతో తుడిచాడు. తుడిచినచోటు తెల్లగా కనబడేసరికి తుడవనిచోటు మరీ పచ్చగా కనబడింది. గుర్తులు పెట్టే సుద్దని గీకి పొడి చేసి రుద్దాడు. ముందంతా బాగుపడింది, సందులు మిగిలాయి. సందుల్లోకి సుద్ద పోదు. చుట్టూ చూశాడు. కాజాలు కుట్టే పట్టుదారం కండె కనబడింది. మూరెడు తెంపి (కొరికే అనుకోండి), రెండు చేతుల వేళ్ళకీ చుట్టుకుని, ఒక సందులోకి దించి అటూ ఇటూ లాగాడు. ఏదో వచ్చింది. ఇంకో సందు. ఇంకా వచ్చింది. పని మొదలెడితే మధ్యలో ఆపే మనిషి కాదు కదా, ఆఖరి దవడ పన్ను దాకా వెళ్ళి, దాని వెనక్కి కూడా తిప్పి లాగి వదిలాడు. నాలుకతో తడిమి చూసుకుంటే కొత్తగా అద్దెకి దిగిన ఇంట్లో నడిచినట్టుంది.

ల్యాబులో మేనకోడలు గీకి చూసి, "ఏంటి మామయ్యా, ఇవాళ ఇంతే వచ్చింది?" అంది.

"పొద్దున్నే కదా. ఇంకా లేచుండవు."

ఆమె హడావుడిలో ఉంది. దొరికినదాన్ని దొరికినట్టు గిన్నెల్లో వేసి, వెచ్చటి పెట్టెలో పెట్టేసింది. మాస్టారి నోట్లో మిగిలిన గారనంతా తర్వాత పై అంతస్తులో వేరే డాక్టరమ్మ గీకి తీసేసింది. దాంతో మళ్ళీ తాజాగా తీసుకోడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

పాచి పెరగడానికి కొద్దిరోజులు పడుతుంది. ఆ రోజులన్నీ మాస్టారు ఫోను చేస్తూనే ఉన్నాడు. "మామయ్య ఎలా ఉన్నాడు?"

"కొంచెం నీరసంగా ఉన్నాడు."

"చక్కెర ఎక్కువ పొయ్యి," అని ఫోను పెట్టేసి, ఎక్కడో మనసులో సన్నగా సూది గుచ్చుకున్నట్టయి, మిషను గబగబా తొక్కేవాడు.

పరీక్ష రోజు మాస్టారినీ ఆయన భార్యనీ కూడా పిలిచారు. ల్యాబులో కుర్చీలు వేశారు. పెద్ద మేడం వచ్చారు, ఇంకొందరు వచ్చారు. బల్లమీద రెండు బిళ్ళలు. రెండింటి మీదా మామయ్యే. ఒకదానికి జెల్లు పూసి తర్వాత మందు పోశారు. రెండోదానికి జెల్లు బదులు ఉత్త నీళ్ళు, పైన అదే మందు. ఊదారంగు పోసి కడిగారు.

జెల్లు పూసిన బిళ్ళ ముత్యంలా తెల్లగా బయటికొచ్చింది.

అందరూ చప్పట్లు కొట్టారు. మేనకోడలి మొహం ఒక్క క్షణం విప్పారి, మళ్ళీ ఆగింది. ఆమె తెల్లబిళ్ళని చూడట్లేదు, రెండోదాన్ని చూస్తోంది. "మేడం, నీళ్ళు పోసింది కూడా పల్చగానే ఉంది," అంది.

"రంగు పాతదై ఉంటుందమ్మా. తేడా అయితే కనిపిస్తోందిగా," అన్నారు మేడం. "బాగా చేశావు."

మాస్టారు కూడా ఆ రెండో బిళ్ళనే చూస్తున్నాడు. వంకాయ ఏమైంది? అక్కడున్నది వెలిసిపోయిన చీర. జెల్లు వచ్చేసరికే అక్కడ పెద్దగా ఎవరూ లేరు. కాలనీని ఆయనే ఖాళీ చేయించేశాడు.

టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. ఆయన ఒకటి నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. భార్య చెవి దగ్గర వంగి గుసగుసగా చెప్పాడు. ఆవిడ బిస్కెట్‌ని టీలో ముంచి అలాగే ఉంచేసింది. అది మెత్తబడి లోపలికి జారిపోయింది.

"పట్టుదారమా?" అంది.

"అన్ని సందులూ."

"చెప్పకండి. పిల్లని చూడండి. ఎన్నాళ్ళకి నవ్వుతోంది."

"జెల్లు పనిచేస్తుందో లేదో తెలీదు కదవోయ్. రేపు ఎవరో ఇది పూసుకుని, పాచి పోయిందని ధీమాగా పడుకుంటారు. అది లోపల దుప్పటి కప్పుకుని నవ్వుకుంటుంది."

"అవన్నీ వాళ్ళు చూసుకుంటారు. పెద్ద చదువులు. మీరు బిస్కెట్ తినండి."

అంతలో మేడం సరదాగా ఆయనవైపు తిరిగారు. "ఓడిపోయిన పక్షం తరఫున మామయ్యగారు రెండు మాటలు మాట్లాడాలి."

అందరూ నవ్వారు. మాస్టారు లేచాడు. ఆయన భార్య వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగింది. ఆయన మేనకోడలి వైపు చూశాడు. ఆమె చేతిలో టీ ఉంది, కళ్ళు మాత్రం ఇంకా ఆ పల్చటి బిళ్ళమీదే ఉన్నాయి. ఆ చూపు ఆయనకి బాగా తెలుసు. తొడుక్కున్నవాళ్ళు అద్దంలో మురిసిపోతుంటే, భుజం దగ్గర ఎక్కడో తేడా ఉందని కుట్టినవాడికి తెలిసినప్పటి చూపు అది.

"మేడం," అన్నాడు, బిస్కెట్ పక్కదవడలోకి తోసుకుని. "మీ జెల్లు మామయ్యని ఓడించలేదండీ. ఇచ్చేరోజు పొద్దున్నే నేనే ఓడించేశాను. సుద్దతో. తర్వాత పట్టుదారంతో."

ఆయన భార్య పట్టుకున్న చొక్కా వదిలేసింది.

"పట్టుదారంతోనా?" అన్నారు మేడం.

"కాజాల దారం. తెగదండీ."

"పళ్ళ సందులన్నిటిలోనూ లాగారా?"

"ఆఖరి పన్ను వెనకాల కూడా. చేస్తే పూర్తిగా చెయ్యాలి కదండీ."

మేడం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళకీ మేం చెప్పేది అదే మామయ్యగారూ. రోజూ సందుల్లో దారంతో శుభ్రం చేసుకోండి, పాచి దుప్పటి నేసుకోకముందే చెదరగొట్టండి అని. ఎవరూ వినరు. ఇన్నాళ్ళకి ఒక్కరు చేశారు. అదీ చెయ్యొద్దన్న రోజున."

ఎవరో నవ్వబోయి, మేనకోడలి మొహం చూసి దగ్గుగా మార్చుకున్నారు. ఆమె రెండు బిళ్ళలూ తీసి, కడగడానికి తొట్టి దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు కడిగింది. అంత కడగాల్సినంత మామయ్య వాటిమీద లేడు.

గేటు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు మాత్రం అడిగింది. "అందరూ వెళ్ళాక నాకొక్కదానికే చెప్పొచ్చుగా మామయ్యా."

"అప్పటిదాకా ఆగితే చెప్పేవాణ్ణి కాదే తల్లీ. నా సంగతి నాకు తెలుసు. ఆ బిస్కెట్ మింగేస్తే దాంతోపాటు ఆ మాట కూడా లోపలికి పోయేది."

ఆమె తల ఊపింది. ఊపిందంటే సరేనని కాదు. ఊరికే ఊపింది.

తర్వాత గడ్డకట్టించి దాచిన పాత మామయ్యని బయటికి తీసి, నిద్రలేపి, మళ్ళీ పెంచారు. దానిమీద జెల్లు పూసి, మందు పోశారు. రంగు పోసి కడిగితే నిగనిగలాడుతూ వంకాయే కనబడింది. మేనకోడలు ఫోను చేసి, "మామయ్య గెలిచాడు," అని పెట్టేసింది. ఆయన గెలిచి కూడా ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. వాచీల ఆయన ఏదో ఎగతాళి చెయ్యబోయి, మాస్టారి వాలకం చూసి తన వాచీలకే కీ ఇచ్చుకున్నాడు.

మేడం సిమెంట్ల గది మాట వాయిదా వేశారు, రద్దు చెయ్యలేదు. మేనకోడలు ఇప్పుడు జెల్లుని చిక్కగా చేసి ఎక్కువసేపు ఉంచి చూస్తోంది. మొన్నటికి సగం రంగు వదిలిందట. మిగతా సగం ఎప్పుడు వదులుతుందో, మేడం ఇచ్చిన గడువులోగా వదులుతుందో లేదో ఆమెకే తెలీదు. డ్రెస్సులు ఇంకా మామయ్య దగ్గరే కుట్టించుకుంటోంది గానీ, ఆ రోజు ఆయన చేసింది మంచిపనో చెడ్డపనో ఇంతవరకూ చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆయన భార్య మాత్రం, "నోరంతా శుభ్రం చేసుకున్నారు సరే, అప్పుడే తెరవాలా?" అని ఇప్పటికీ అంటుంది. వాచీల ఆయనేమో చెప్పాల్సిందే గానీ టీ తాగాక చెప్పాల్సింది అంటాడు.

నాకైతే ఇందులో ఎవరి మాట తీసుకోవాలో తేలడం లేదు. మీరు చెప్పండి. గదినిండా చప్పట్లు, చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పిల్ల ఎదురుగా టీ కప్పుతో నిలబడి ఉంది, వెనకనుంచి భార్య చొక్కా లాగుతోంది, నిజం మీకొక్కరికే తెలుసు. ఆయన చోట మీరే ఉంటే ఏం చేసేవారు?